మనసుకు సాక్ష్యం ఎవరు చెప్పాలి?

ఈ ప్రాంతంలో ఎన్నో ఏళ్లు రాజనీతిశాస్త్రం బోధించిన మాస్టారి స్మృతిలో జరుగుతున్న సభ ఇది.

ఆయన దగ్గర చదువుకున్నవాళ్లకు ఆ పాఠం తీరు గుర్తుండే ఉంటుంది. క్లాసులో ఎవరైనా ఒక నాయకుణ్ణి పట్టుకుని మోసగాడన్నా, మహాత్ముడన్నా ఆయన అడ్డు చెప్పేవారు కాదు. "తెలిసి చేశాడంటావా, తెలియక చేశాడంటావా? ఏం చూసి అంటున్నావు?" అని అడిగేవారు. ఆ రెండో ప్రశ్నకు జవాబు వచ్చేదాకా పాఠం ముందుకు కదిలేది కాదు. ఆళ్లగడ్డ నుంచి వచ్చే ఆయన స్నేహితుడు, ఒక వకీలు గారు, ఇదే విషయం మీద ఆయనతో ఏళ్ల తరబడి వాదించారు. మాస్టారు 'పొరపాటు' పక్షం, వకీలు గారు 'దురుద్దేశం' పక్షం. వాళ్ల వాదానికి వస్తువైన నాయకులు ముఖ్యంగా ఇద్దరు: నీలం సంజీవరెడ్డి గారు, పి.వి. నరసింహారావు గారు. ఇద్దరూ నంద్యాల నుంచి లోక్‌సభకు ఎన్నికైనవాళ్లే. ఇద్దరి విషయంలోనూ దేశం ఇదే ప్రశ్న అడిగింది, ఇప్పటికీ అడుగుతోంది. ఆ వాదాన్ని ఈ సభ ముందు మళ్లీ విప్పి, నాకు తోచిన తీర్పు చెప్పడమే ఈ ఉపన్యాసం ఉద్దేశం.

ముందు 1964 దగ్గరికి వెళదాం. ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ 1958 జనవరి 11న ఏర్పడింది. ప్రైవేటు సర్వీసుల చేతిలో ఉన్న బస్సు రూట్లను జిల్లాల వారీగా ప్రభుత్వం తీసుకోవడం కృష్ణా జిల్లాతో మొదలైంది. 1939 నాటి మోటారు వాహనాల చట్టానికి 1956లో చేర్చిన అధ్యాయం ప్రకారం సంస్థ ఒక స్కీము తయారుచేసి ప్రకటించాలి, బస్సు యజమానుల అభ్యంతరాలు వినాలి, ఆ తర్వాతే ప్రభుత్వం ఆమోదించాలి. 1958లో గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసులో సుప్రీంకోర్టు ఈ పద్ధతిలోని ఒక లోపాన్ని పట్టుకుంది. అభ్యంతరాలు విన్నది శాఖ కార్యదర్శి, నిర్ణయం చెప్పింది ముఖ్యమంత్రి. ఒకరు విని ఇంకొకరు తీర్పు చెబితే ఆ వినడానికి అర్థం లేదని కోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. అప్పుడు ముఖ్యమంత్రి సంజీవరెడ్డి గారే. అయితే ఆ కేసులో తప్పు పద్ధతిలో ఉందన్నారు గాని మనసులో ఉందని ఎవరూ తేల్చలేదు.

ఆయన 1960లో అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షుడై ఢిల్లీ వెళ్లారు. 1962 మార్చిలో తిరిగి వచ్చి రెండోసారి ముఖ్యమంత్రి అయ్యారు. ఈసారి ఆయన శాసనసభ నియోజకవర్గం డోన్. అది నాడు కర్నూలు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి మన నంద్యాల జిల్లా. ఏ జిల్లా రూట్లు ముందు తీసుకోవాలి, ఏవి తర్వాత అన్న వరుసను అప్పటికే ఒక నిపుణుల సంఘం సూచించి ఉంది. ఆ వరుస మారింది. కర్నూలు జిల్లా పశ్చిమ భాగం ముందుకు వచ్చింది. తూర్పున ఉన్న నంద్యాల, ఆళ్లగడ్డల వైపు కాకుండా, ఒకే జిల్లాలో పడమటి సగాన్నే ఎందుకు ఎంచుకున్నారన్నది అక్కడి బస్సు యజమానుల ప్రశ్న. ఎన్నికల్లో మేము ముఖ్యమంత్రికి ఎదురు నిలిచాం, అందుకే మా పర్మిట్ల మీద పడ్డారు అని వాళ్లు ప్రమాణపూర్వకంగా అఫిడవిట్ దాఖలు చేశారు. అదే సి.ఎస్. రౌజీ కేసు. 1964 జనవరి 30న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది.

ఆ తీర్పును జస్టిస్ ఎన్. రాజగోపాల అయ్యంగార్ రాశారు. మన విద్యార్థులు చదవవలసిన తీర్పు అది. పాలకుల మీద దురుద్దేశాన్ని అంటగట్టడం తేలిక, రుజువు చేయడం కష్టం, రాజకీయ వైరం ఉన్నచోట ఇలాంటి ఆరోపణలను కోర్టు ఎంతో జాగ్రత్తగా తూచాలి అని ఆయన ముందే హెచ్చరించుకున్నారు. అంత హెచ్చరించుకున్నాక కూడా స్కీములను కొట్టేశారు. ఎందుకు? ఆరోపణ నిర్దిష్టంగా ఉంది, ఒక వ్యక్తి మనసు గురించి ఉంది, ప్రమాణం మీద ఉంది. జవాబు చెప్పినవాళ్లు ప్రభుత్వం తరఫు, సంస్థ తరఫు అధికారులు. ఎవరి మనసు మీద ఆరోపణ వచ్చిందో ఆయన నుంచి అఫిడవిట్ రాలేదు. ముఖ్యమంత్రి మనసులో ఏముందో కార్యదర్శి ఎలా ప్రమాణం చేస్తాడు? కనుక ఆరోపణకు జవాబు లేదని భావించక తప్పదని కోర్టు నిర్ణయించింది.

ఇక్కడ కాసేపు ఆగాలి. రూట్ల జాతీయీకరణ తప్పని కోర్టు అనలేదు. ఆర్టీసీ బస్సు పల్లెకు చేసిన మేలు ఈ సభలో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. ఆళ్లగడ్డ నుంచి నంద్యాల కాలేజీకి పాసు మీద వచ్చి చదువుకున్నవాళ్లు ఈ హాల్లోనే ఎందరో ఉంటారు. మంచి పని కూడా కక్షతో చేయవచ్చు, చెడ్డ ఫలితం కూడా మంచి మనసుతో రావచ్చు. ఫలితాన్ని బట్టి ఉద్దేశాన్ని కొలవబోతే లెక్క తప్పుతుంది. మాస్టారి పక్షానికి ఉన్న బలం అదే. వకీలు గారి బలం వేరే చోట ఉంది: పాలకుడి మనసు మనకు కనబడదు గనుక, కనబడేలా చేయవలసిన బాధ్యత ఆయనదే. ఆయన ఆ పని చేయనప్పుడు అనుమానపు లాభం ఎవరికి ఇవ్వాలి? కోర్టు బోనులోని ముద్దాయికైతే అనుమానపు లాభం దక్కుతుంది. అధికారం చేతిలో ఉన్నవాడికీ అదే లాభం ఇస్తే, పర్మిట్ పోగొట్టుకున్నవాడి మాట ఇక ఎవరు వింటారు?

ఈ పేచీ మన చట్టాల్లోనే ఉంది. 2024 దాకా అమల్లో ఉన్న 1860 నాటి శిక్షాస్మృతి 52వ సెక్షన్ ప్రకారం తగిన జాగ్రత్త, శ్రద్ధ లేకుండా చేసిన పనిని సద్భావంతో చేసినట్టు లెక్కించకూడదు. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం ప్రకారమైతే నిజాయితీగా చేస్తే చాలు, నిర్లక్ష్యంగా చేసినా అది సద్భావమే. ఒకే దేశం, ముప్పై ఏడేళ్ల తేడా, రెండు నిర్వచనాలు. మొదటిదాని ప్రకారం నిజాయితీలో జాగ్రత్త కూడా ఒక భాగం. రెండోదాని ప్రకారం గుండె శుభ్రంగా ఉంటే సరిపోతుంది. ఇంకా వెనక్కి వెళితే, మనుస్మృతి పదకొండో అధ్యాయం తెలిసి చేసిన పాపానికీ తెలియక చేసిన పాపానికీ ప్రాయశ్చిత్తాలు వేరు చేసింది గాని, తెలియక చేశాడు గనుక ఏదీ అక్కర్లేదని అనలేదు. మన చర్చల్లో ఎప్పుడూ జారిపోయేది ఈ భాగమే. 'పొరపాటు' అన్న మాట పలకగానే అభిమానులు తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటారు. అక్కడితో నష్టపోయినవాడి సంగతి మరుగున పడుతుంది.

ఈ సీమలో రెండు వర్గాల మధ్య బతికిన పల్లెలకు ఇది పాఠం చెప్పి నేర్పవలసినది కాదు. మన నాయకుడు చేస్తే పొరపాటు, అవతలి నాయకుడు చేస్తే మోసం. కట్టవ కింద నీటి వంతు దగ్గర, పంచాయతీ పనుల బిల్లు దగ్గర, రచ్చబండ మీద వినబడే వాదం ఇదే. చేసిన పని ఒక్కటే అయినా, చేసినవాడు ఎవరన్నదాన్ని బట్టి పేరు మారుతుంది. వర్గానికి కట్టుబడ్డ మనసుకు ఈ ప్రశ్న అసలు ప్రశ్నే కాదు, జవాబు ముందే తయారుగా ఉంటుంది. మాస్టారు "ఏం చూసి అంటున్నావు" అని పట్టుబట్టింది అందుకే.

తీర్పు వచ్చాక సంజీవరెడ్డి గారు 1964 ఫిబ్రవరిలో రాజీనామా చేశారు. చేయమని కోర్టు ఆదేశించలేదు. ప్రత్యర్థులు దాన్ని ఒప్పుకోలు అన్నారు, అనుయాయులు త్యాగం అన్నారు. ఆ రోజుల్లో దేశంలో ఒక సంప్రదాయం ఇంకా బతికి ఉంది. 1956లో అరియలూరు రైలు ప్రమాదానికి నైతిక బాధ్యత వహించి లాల్ బహదూర్ శాస్త్రి మంత్రి పదవి వదిలారు. 1958లో ముంధ్రా వ్యవహారంలో, జీవిత బీమా సంస్థ డబ్బు తప్పుడు చోట పెట్టుబడి పెట్టినందుకు, చాగ్లా కమిషన్ బహిరంగ విచారణ తర్వాత టి.టి. కృష్ణమాచారి ఆర్థికమంత్రి పదవి నుంచి తప్పుకున్నారు. కార్యదర్శి చేసిన పనికి మంత్రి బాధ్యుడు కాడన్న వాదాన్ని చాగ్లా ఒప్పుకోలేదు. ఆ వరుసలో సంజీవరెడ్డి గారి రాజీనామా గౌరవించదగినది. అయినా, రాజీనామాతో పదవి పోతుంది గాని ప్రశ్న పోదు. వరుస ఎందుకు మారిందన్నదానికి ప్రమాణం మీద చెప్పిన జవాబు ఆ కోర్టు రికార్డులో చేరనే లేదు.

ఆ తర్వాత చరిత్ర ఆయన్ను విచిత్రమైన దారిలో నడిపించింది. 1969లో రాష్ట్రపతి ఎన్నికలో వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. 1977లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్ గెలిచింది. మిగిలిన ఒకే ఒక్కటి నంద్యాల. అక్కడ గెలిచిన జనతా అభ్యర్థి సంజీవరెడ్డి గారు. ఆయన స్పీకరై, ఆ జూలైలోనే పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. ఏ జిల్లా బస్సుల విషయంలో ఆయన ఉద్దేశాన్ని దేశపు అత్యున్నత న్యాయస్థానం శంకించిందో, ఆ జిల్లా ఓటరే ఆయన్ను ఢిల్లీకి పంపాడు. దీన్ని ప్రజాకోర్టు తీర్పు అని మాస్టారు అనేవారు. నేను ఒప్పుకోలేను. ఓటు ఒకేసారి వంద ప్రశ్నలకు జవాబు. అందులోంచి ఒక ప్రశ్నకు జవాబును విడదీసి చూపడం ఎవరి తరమూ కాదు.

1979లో ఆయన ముందు అదే పరీక్ష ఇంకా పెద్దదై నిలిచింది. జూలై 15న మొరార్జీ దేశాయి రాజీనామా చేశారు. రాష్ట్రపతిగా సంజీవరెడ్డి గారు ప్రభుత్వ ఏర్పాటుకు చరణ్ సింగ్‌ను పిలిచారు. చరణ్ సింగ్ సభను ఎదుర్కోకుండానే ఆగస్టు 20న రాజీనామా చేశారు. అప్పటికి జనతా పార్టీ నాయకుడు జగ్జీవన్ రామ్. ఆయనకు ప్రభుత్వం ఏర్పాటు చేసే అవకాశం ఇవ్వకుండా 22న లోక్‌సభ రద్దయింది. దేశానికి తొలి దళిత ప్రధాని దక్కే అవకాశం ఆ రోజుతో జారిపోయింది. కావాలనే చేశారన్నవాళ్లున్నారు, ఫిరాయింపుల సంత ఆపడానికి చేశారన్నవాళ్లున్నారు. నా మటుకు నేను ఆ నిర్ణయం తప్పని నమ్ముతాను. బలం ఉందో లేదో తేల్చవలసింది సభలో, రాష్ట్రపతి భవన్‌లో కాదు. అయితే దురుద్దేశం అనడానికి నాకు ఆధారం కనబడదు. పైగా 1964కూ దీనికీ ఒక తేడా ఉంది. 1989లో తన జ్ఞాపకాల పుస్తకంలో ఆయన ఆ నిర్ణయానికి కారణాలు తన పేరు మీద రాశారు. అప్పటికి ఆయన బతికి ఉన్నారు, ఎదురు ప్రశ్న వేయదలచినవాడు వేయగలిగే కాలం అది.

ఇక పి.వి. గారు. 1991 జూన్ 21న ప్రధానిగా ప్రమాణం చేసేనాటికి ఆయన పార్లమెంటు సభ్యుడు కారు. ఆళ్లగడ్డకు చెందిన గంగుల ప్రతాపరెడ్డి నంద్యాల స్థానం ఖాళీ చేశారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్.టి. రామారావు గారు తెలుగుదేశం అభ్యర్థిని నిలపలేదు. ఆ నవంబరు ఉప ఎన్నికలో మెజారిటీ 5 లక్షల 80 వేలు. 1996లో అదే ఆళ్లగడ్డకు చెందిన భూమా నాగిరెడ్డి తెలుగుదేశం తరఫున ఆయనతో తలపడి ఓడారు. పి.వి. గారు ఒడిశాలోని బరంపురం నుంచి కూడా గెలిచి, దాన్నే ఉంచుకుని నంద్యాలను వదిలారు. ఈ రెండు ఎన్నికల మధ్యే, 1992 డిసెంబరు 6న, అయోధ్యలో బాబ్రీ మసీదును కూల్చారు.

ఆ రోజు గురించి దేశం రెండుగా చీలింది. కావాలనే కళ్లు మూసుకున్నాడన్నది ఒక మాట, నమ్మి మోసపోయాడన్నది ఇంకొక మాట. తెలిసినవి ఇవి. ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి కల్యాణ్ సింగ్ ప్రభుత్వం మసీదును కాపాడతామని సుప్రీంకోర్టుకు హామీ ఇచ్చింది. కేంద్ర బలగాలు అయోధ్యకు దగ్గరలో ఉన్నా, వాటిని వాడే అధికారం రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉంది. హోం శాఖ కార్యదర్శి మాధవ్ గోడ్బోలే 356వ అధికరణం కింద చేపట్టవలసిన చర్యల ప్రణాళిక ముందే సిద్ధం చేశారు. ప్రధాని ఆ దారి పట్టలేదు. అదే ఏడాది జూలైలో కోర్టు ఉత్తర్వుకు విరుద్ధంగా అక్కడ జరిగిన కట్టడాన్ని ఆపనందుకు 1994లో సుప్రీంకోర్టు కల్యాణ్ సింగ్‌కు వేసిన శిక్ష ఒక రోజు జైలు, 2,000 రూపాయల జరిమానా. 1992లోనే నియమించిన లిబర్హాన్ కమిషన్ 2009లో నివేదిక ఇచ్చింది. అందులో పి.వి. గారి మీద దోషం మోపలేదు.

నాకు కుట్ర కనబడదు. రాజ్యాంగం దాటకూడదన్న భయం, ఎదుటివాడి హామీ మీద నమ్మకం, తన చాకచక్యం మీద నమ్మకం కనబడతాయి. 1897 చట్టం ప్రకారం ఆయన నిజాయితీపరుడే. కానీ అంత పెద్ద పదవికి నేను 1860 నాటి నిర్వచనమే పెడతాను: తగిన జాగ్రత్త, శ్రద్ధ. కార్యదర్శి చేతిలో ప్రణాళిక ఉంది, లక్షల మంది ఒకచోట చేరుతున్నారన్న సమాచారం ఉంది. ఆ తర్వాత దేశమంతటా జరిగిన అల్లర్లలో ప్రాణాలు పోయిన కుటుంబాలకు, ప్రధాని మనసు శుభ్రమని చెప్పి లేచి రాగలమా? మసీదును తిరిగి కట్టిస్తామని ఆయన అన్న మాట మాటగానే మిగిలిపోయింది. అయోధ్య మీద ఆయన రాసిన పుస్తకం 2006లో, ఆయన పోయిన రెండేళ్లకు వచ్చింది. వాదన బలమైనదే. కానీ దాన్ని ఎదురు ప్రశ్నలతో పరీక్షించడానికి ఆయన లేరు. రౌజీ కేసులో రాని అఫిడవిట్ వంటిదే ఇక్కడ ఆలస్యంగా వచ్చింది.

అయోధ్యకు పొరపాటు అన్న మాట సరిపోతుంది. 1993 జూలై 28కి సరిపోదు. ఆ రోజు పి.వి. గారి ప్రభుత్వం మీద పెట్టిన అవిశ్వాస తీర్మానం, అనుకూలంగా 251, వ్యతిరేకంగా 265 ఓట్లు పడి, వీగిపోయింది. జార్ఖండ్ ముక్తి మోర్చా సభ్యులకు ఓటు కోసం డబ్బు ముట్టిందన్న కేసు నడిచింది. లంచం పుచ్చుకుని సభలో ఓటేసిన సభ్యులకు 105వ అధికరణం రక్షణ ఉందని 1998లో సుప్రీంకోర్టు ముగ్గురు, ఇద్దరుగా చీలి తీర్పు చెప్పింది. 2000లో ప్రత్యేక కోర్టు పి.వి. గారికి మూడేళ్ల శిక్ష వేసింది, 2002లో ఢిల్లీ హైకోర్టు దాన్ని రద్దు చేసి ఆయన్ను నిర్దోషి అంది. నిర్దోషిని నిర్దోషి అనే అనాలి, నేనూ అలాగే అంటాను. అయితే డబ్బు ముట్టడం నిజమే అయితే, ఎవరిచ్చినా సరే, తెలియక చేసిన పని అనడానికి అక్కడ చోటు లేదు. తెలిసి చేసిన పనులు కూడా ఉంటాయని ఒప్పుకోకుండా 'పొరపాటు' అన్న మాటకు విలువ రాదు. ఇక్కడ వకీలు గారి పక్షమే నాది. 1998 నాటి ఆ తీర్పును 2024 మార్చి 4న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తోసిపుచ్చింది. రౌజీ కేసు పేరులో సంజీవరెడ్డి గారి పేరు లేదు. 1998 నాటి కేసు పేరే పి.వి. నరసింహారావు కేసు, అది న్యాయవిద్యార్థుల పుస్తకాల్లో ఇక ఎప్పటికీ ఉంటుంది.

బయటి ప్రపంచం కూడా ఇక్కడే తడబడుతోంది. 2003 ఇరాక్ యుద్ధం మీద బ్రిటన్‌లో టోనీ బ్లెయిర్ అబద్ధమాడారా, పొరబడ్డారా అన్నది ఇంకా తేలలేదు. 2009లో వేసిన చిల్కాట్ కమిటీ ఏడేళ్లు శ్రమించి 26 లక్షల పదాల నివేదిక ఇచ్చింది. ఇరాక్ దగ్గర సామూహిక వినాశక ఆయుధాలు ఉన్నాయని చెప్పడంలో చూపిన నిశ్చయానికి ఆధారం లేదంది, అబద్ధమాడారని మాత్రం తేల్చలేదు. అయితే బ్లెయిర్ ఆ కమిటీ ముందు కూర్చుని, ప్రజలు చూస్తుండగా గంటల తరబడి జవాబు చెప్పవలసి వచ్చింది. అయోధ్య విషయంలో మన దేశంలో విచారణకు పదిహేడేళ్లు పట్టింది, దాని ఫలితం చూడడానికి పి.వి. గారు బతికి లేరు.

పాలకుడి ఉద్దేశాన్ని తూచడం మన పని అని నేను అనను. అది ఎవరి చేతా అయ్యే పని కాదు. చేసే ముందు తగిన జాగ్రత్త పడ్డాడా, చేసిన తర్వాత అడిగినవాళ్ల ఎదుట, తన నోటితో, తన పేరు మీద జవాబు చెప్పాడా అన్నవి చూడగలం. ఈ రెండూ ఉన్నచోట పొరపాటును పొరపాటుగా మన్నించవచ్చు, నష్టపోయినవాడికి పరిహారం అడగవచ్చు. జవాబు రానిచోట దురుద్దేశమన్న అనుమానాన్ని మోయవలసింది పాలకుడే. మాస్టారు ఈ ముగింపును పూర్తిగా ఒప్పుకునేవారు కారు. నాయకుడి మీద నమ్మకం ముందు, అనుమానం తర్వాత అన్నది ఆయన మాట. ఆయన పట్ల ఎంత గౌరవం ఉన్నా, అధికారం విషయంలో ఆ వరుస తిరగెయ్యాలన్నది నా అభిప్రాయం.

ఈ సభ నిర్వాహకులకు, నంద్యాల, ఆళ్లగడ్డ కాలేజీల అధ్యాపకులకు ఒక మనవి. రౌజీ కేసు తీర్పు, 1998, 2024 నాటి రెండు తీర్పులు, లిబర్హాన్ నివేదిక, సంజీవరెడ్డి గారి జ్ఞాపకాలు, అయోధ్యపై పి.వి. గారి పుస్తకం ఒక అరలో పెట్టించండి. వాటి ముఖ్యభాగాలను తెలుగులోకి తెప్పించండి. వచ్చే ఏడాది ఈ వేదిక మీద నాలాంటి వక్త కాకుండా, వాటిని చదివిన ఇద్దరు విద్యార్థులు చెరొక పక్షం తీసుకుని వాదించాలి. ఒకరు నంద్యాల నుంచి, ఒకరు ఆళ్లగడ్డ నుంచి వస్తే ఇంకా సంతోషం.